కోడలి నోటి కస్తూరి

రంజాన్ ఎప్పుడు మొదలైందో తెలుసుకోవడానికి ఆ బస్సు డ్రైవరుకి కేలెండరు అక్కర్లేదు. మధ్యాహ్నం బట్టల కొట్టు మూసి జైతూనా బస్సెక్కి పలకరించిందంటే చాలు, ఆమె నోటి కస్తూరి వాసన వెనక సీటుదాకా పాకుతుంది.

"మొదలైందా?" అంటాడు.

"మొదలైంది," అంటుంది.

ఫిన్లాండులో పరాయివాళ్ళ మధ్య అన్ని మాటలు నడిచాయంటే చుట్టరికం కలిసినట్టే.

తంపెరె ఊళ్ళో ఉన్న తాతార్లు ముత్తాతల నాడు రష్యా నుంచి బట్టల మూటలు మోసుకుంటూ వచ్చిన ముస్లిములు. వాళ్ళలో ఎవరి ఉపవాసం నిజమైనదైతే వాళ్ళ ఊపిరి పగలంతా కస్తూరి వాసనేస్తుంది. పొయ్యి మీద రొట్టె కాలితే వాసన రాదా, ఇదీ అంతే. చాటుగా గుక్కెడు నీళ్ళు తాగినా ఆ వాసన పోతుంది. ఒక ఏడాది ముసలి బీబీనూర్ మసీదు వంటింట్లో మాంసం పెట్టిన పెరెమెచ్‌లు వేయిస్తూ, ఉపవాసమన్న సంగతే మరిచి రెండు తినేసి పైన టీ కూడా తాగింది. అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. ఆమె నోటి కస్తూరి మాత్రం వీసమెత్తు తగ్గలేదు. "మరిచి తిన్నది అల్లా పెట్టిన తిండే," అని మూతి తుడుచుకుని ముసలమ్మ మళ్ళీ ఉపవాసంలో కూర్చుంది.

ఆ వాసన విషయంలో జైతూనా ఇల్లు పెట్టింది పేరు. తల్లి నోట, అమ్మమ్మ నోట వచ్చింది, కొడుకు రవిల్ నోటా వస్తుంది. ఆమె తలెత్తుకు తిరిగేది దాన్ని చూసుకునే.

ఈ ఏడు కోడలి నోట రాలేదు.

వెన్లా ఫిన్లాండు పిల్ల. రవిల్‌ని చేసుకోబోయే ముందు కలిమా చదివి మతంలోకి వచ్చింది. ఇప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్నదానికి ఉపవాసం నుంచి సెలవుందని ఇంటిల్లిపాదీ చెప్పినా వినలేదు. తెల్లవారినప్పటి నుంచి సూర్యుడు దిగేదాకా చుక్క నీరు ముట్టదు. వసంతం వచ్చిందంటే అక్కడి సూర్యుడు పెత్తందారీ చుట్టంలా ఎంతకీ కదలడు. పిల్ల వాడిపోతోంది. వాసన మాత్రం రాదు.

ఆ ఉదయం అత్తాకోడళ్ళు దవాఖానాకి వెళ్ళారు. నర్సు టేపు పెట్టి పొట్ట కొలిచి, మళ్ళీ కొలిచి, మొహం ముడుచుకుంది. "బిడ్డ పెరగడం లేదు. ఇలాగే కడుపు మాడ్చుకుంటే బిడ్డ దక్కదు," అంది.

బయటికొచ్చాక జైతూనా, "ఇంక చాలమ్మా, తిను," అంది.

"ఒక్క రోజు ఆగండి అత్తయ్యా. ఒక్కసారి వాసన రానీండి. తర్వాత తింటాను. ఇప్పుడు తింటే, పెళ్ళి కోసం కలిమా చదివిందంటారు. అందరూ నా దగ్గర ముక్కు ఎగబీలుస్తున్నారు, నాకు తెలియదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు జైతూనా చెయ్యి తన ముక్కు మీదికి పోయింది. రోజూ గుమ్మంలో కోడలు ఎదురైనప్పుడల్లా ఆమె చేస్తున్నదీ అదే.

మధ్యాహ్నం మసీదు వంటింట్లో ఆడవాళ్ళంతా సాయంత్రం విందుకి పెరెమెచ్‌లు చుడుతున్నారు. వెన్లా కూడా వాళ్ళ మధ్య కూర్చుని పిండి అంచులు నొక్కుతోంది. నూనె మూకుడు దగ్గరున్న రషీదె గాలి పీల్చి, "జలుబు నా ముక్కుకి చేసిందా, లేక నీ కోడలికింకా ఉపవాసం వంటబట్టలేదా, జైతూనా అక్కా?" అంది.

వెన్లా కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడింది.

జైతూనా చేతిలోని పిండి పక్కన పడేసింది. వేడి పెరెమెచ్ ఒకటి పళ్ళెంలో పెట్టి, పాలూ చక్కెరా కలిపిన టీ పోసి, పట్టపగలు, అంతమంది ఉపవాసం ఉన్నవాళ్ళ నడుమ, కోడలి ముందు పెట్టింది.

"తిను."

"అందరి ముందా, అత్తయ్యా?"

"అందరి ముందే. దొంగచాటుగా తినడానికి నువ్వేం తప్పు చేశావని?"

"నా ఉపవాసం పోతుంది."

"ఏ ఉపవాసం? ఉపవాసం ఉండమన్నవాడే కడుపుతో ఉన్నదానికి తినమని సెలవిచ్చాడు. పోయిన రోజులు తర్వాత తీర్చుకోమన్నాడు. ఆయన అందించిన పళ్ళెం తోసేసి నువ్వు ఎవరికోసం పస్తుంటున్నావే పిచ్చిదానా? ఈ రషీదె ముక్కు కోసం! రషీదె ముక్కు కోసం ఉపవాసముంటే కస్తూరి ఎందుకొస్తుంది?" పళ్ళెం ఇంకాస్త దగ్గరికి జరిపింది. "నా ముక్కు కోసం కూడా. రోజూ వాసన చూశాను. బుద్ధి తక్కువై చూశాను. నన్ను క్షమించి తిను తల్లీ."

వెన్లా కళ్ళు తుడుచుకుని, "బిస్మిల్లా," అంది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. టీ కప్పు పైకెత్తింది.

"కాలుతుందే, ఊదుకుని తాగు," అంది బీబీనూర్.

వెన్లా ఊదింది.

మాంసమూ ఉల్లిపాయా కాగిన నూనే కలిసిన ఆ వంటింట్లో, అన్ని వాసనల మీదుగా కస్తూరి లేచింది. బీబీనూర్ తన అరవై రంజాన్లలో అంత వాసన ఎరగదు. రషీదె తల దించుకుని, మూకుట్లోంచి బాగా వేగింది ఏరి తెచ్చి వెన్లా పళ్ళెంలో వేసింది. వెన్లా దాన్నీ ఊదుకుని తినేసింది.

ఆ రోజు నుంచి వెన్లా పగలు మూడు పూటలా తిన్నది. పండగ ముందు మళ్ళీ నర్సు టేపు పెట్టింది. బిడ్డ పెరిగింది. నర్సు మొహమూ విచ్చుకుంది.

తిరిగి వస్తూ ఇద్దరూ బస్సెక్కారు. డ్రైవరు గాలి పీల్చి జైతూనా వైపు చూశాడు. "ఇవాళ మామూలు కంటే ఎక్కువుందే," అన్నాడు.

బస్సంతా వినపడేలా చెప్పింది జైతూనా: "నాది కాదు. నా కోడలిది. పొద్దుట్నుంచి రెండుసార్లు తిన్నది. ఇంటికెళ్ళి మళ్ళీ తింటుంది."

డ్రైవరు తలూపాడు. వెన్లా పొట్ట పట్టుకుని కూర్చునేదాకా ఆగి, అప్పుడు బస్సు కదిలించాడు.