కింది అంతస్తుకు లైను లేదు

“సమోసాలు చెప్పావా అమ్మా?”

యుద్ధం వచ్చి ఊరికి కరెంటు, డీజిలు ఆగిపోతే మన ఎంబసీ ఎట్లా నడవాలో తేల్చే సమావేశంలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నేను లేబర్ విభాగంలో అసిస్టెంటుని. పరీక్ష రాసి నెగ్గి వచ్చినదాన్ని. ఈ గల్ఫ్ దేశంలో అరబ్బు సేట్ల ఇళ్ళ నుంచి పారిపోయి మన గేటు దగ్గర వాలే పనిమనుషుల బాగోగులు చూసేది నేనే. అయినా ఆ గదిలో చీర కట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి సమోసాల శాఖ కూడా నాదే. చెప్పాను సార్ అన్నాను. నోరు అలవాటు పడిపోయింది, ఏం చేస్తాం.

అడిగినాయన మా ఎంబసీ కౌన్సిలరు, నాకు పై అధికారి విశ్వేశ్వరయ్యగారు. ప్రొద్దుటూరు మనిషి. నాది లింగాల దగ్గర పల్లె కాబట్టి “అంకాలమ్మ మన జిల్లా ఆడబిడ్డ” అని అందరికీ చెప్పుకుంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఏదో ఒక పని వచ్చి నా నెత్తిన పడుతుంది. ఆరోజూ పడింది.

పథకం చదివాడు. ఉన్న డీజిలుతో జనరేటరు అన్నిటికీ చాలదు. ముందు రాయబారి ఇల్లు, తర్వాత వైర్‌లెస్ గది, తర్వాత మొదటి అంతస్తు హాలు. స్టాఫూ వాళ్ళ కుటుంబాలూ ఆ హాల్లో ఏసీ కింద ఉంటారు. సెల్లారుకు మాత్రం లైను లేదు. సెల్లారులో ఉన్నది మా షెల్టరు. పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు పదిమంది, కిటికీ లేని ఒకే ఒక గది. సగం మంది మన కడప జిల్లా వాళ్ళే. హాల్లో వాళ్ళందరికీ వంట కూడా ఆ సెల్లారులోనే, ఆ పదిమంది చేతనే. “వాళ్ళను ఒప్పించే పూచీ నీది, మన ఆడబిడ్డవి కదా” అన్నాడు.

“కింద ఫ్యాను కూడా తిరగదు సార్. ఈ ఎండలకు పొయ్యి పెట్టుకొని ఆ గదిలో మనుషులుంటారా?”

“కడప ఎండల్లో పుట్టినోళ్ళమ్మా. వాళ్ళకేం కాదులే.”

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళకేం కాదు అనే మాట నాకు కొత్త కాదు. నేను కోడలిగా పోయిన ఏడాది మా మామ వెంకటప్ప ఏ పార్టీ వెనకాల తిరిగేవాడో ఆ పార్టీవాళ్ళు అవతలి పార్టీ మనిషిని ఒకణ్ణి జమ్మలమడుగు దారిలో నరికేశారు. తెల్లారేసరికి ఊళ్ళో మగపురుగు లేదు, అందరూ గుట్టలు పట్టారు. మా మామ పోతూ పోతూ “ఆడోళ్ళనెవురూ ఏమీ చేయరులే, గొర్రెలు బద్రం” అని చెప్పి పోయాడు. మా వైపు రివాజు అది. పగ ఎంత ముదిరినా ఆడవాళ్ళ మీద చెయ్యి వేయరు, అందువల్ల ఆడవాళ్ళను వదిలేసి మగవాళ్ళు నిశ్చింతగా పారిపోవచ్చు. ఆ రివాజు పెట్టిన వాళ్ళలో ఒక్క ఆడదైనా ఉందేమో నాకు తెలియదు. అవతలివాళ్ళు వచ్చి ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టారు. మోటార్లు ఆగిపోయి తాగడానికి నీళ్ళు లేవు. అత్తా నేనూ సంగటి ముద్దలు మూటగట్టి గుట్టకు మోశాం, తిరిగొచ్చి పోలీసుల చేత బూతులు తిన్నాం. పక్కింటి రామసుబ్బమ్మ వాకిట్లో నాటుబాంబు పడింది. బాంబుకు రివాజు తెలియదు, ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. రాజీ కుదిరి మగవాళ్ళు దిగొచ్చాక మా మామ గడప అవతలే నిలబడి “గొర్రెలన్నీ ఉండాయా?” అని అడిగాడు. మీరెట్లా ఉన్నారే అని మమ్మల్ని అడగలేదు.

ఇంటికి వెళ్ళి పప్పుకు తాలింపు పెడుతూ మా ఆయన ఎర్రన్నకు సంగతంతా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

“నీకేంటికి ఆ రచ్చ? నీ ఉద్యోగం మీదనే గదా నా వీసా ఉండేది. నిన్ను ఎనక్కి తోలితే నేనూ పోవాల. పోతే మా నాయన ఊరికే కూచోనిస్తాడా? పార్టీ ఎనకాల జీపెక్కిస్తాడు. నన్ను సంపించాలని ఉండాదా నీకు?”

ఆ భయం అబద్ధం కాదు. నాకూ ఉంది. అందుకే ఎదురు చెప్పకుండా పప్పన్నం వడ్డించి కంచం ఆయన ముందు పెట్టాను. ఈయన ప్రాణం కోసం ఆ పదిమందినీ ఆ గదిలో ఉడకనివ్వాలా అని నన్ను నేనే అడుగుతున్నాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, “పప్పులో ఉప్పు తక్కువైంది సూడు” అన్నాడు. ఉప్పు డబ్బా ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. అంత భయంలోనూ దాన్ని నేనే అందించాలి. నేను అందించలేదు. కదిలితే కదలనీ, లేకపోతే చప్పిడి తిననీ అనుకున్నాను.

మరునాడు పొద్దున్నే షెల్టరుకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒప్పించడానికి కాదు, అడగడానికి. ప్రొద్దుటూరు దిల్షాద్‌బీ మంచం మీద నుంచి లేచింది. ఇస్త్రీపెట్టెతో కాల్చిన పుండు ఇంకా మానలేదు ఆమె మోచేతికి.

“జీతం లేకుండా ఒకరింట్లో చాకిరీ చేయలేకనే గదక్కా నేను గోడ దూకొచ్చింది. ఇదీ ఇంగొక సేటు ఇల్లేనా?”

“కాదు” అన్నాను. ఆ మాట అన్నాక ఇక వెనక్కి పోవడానికి నాకు దారి లేదు. “ఈరోజు కరెంటు తీసేసి రిహార్సలు చేస్తారు. తీసేస్తానే అందరం మీదికి పోదాం. మీకు ఇష్టమైతేనే రాండి.”

“నీకేమన్నా అయితాదేమో అక్కా?”

“అయితే కానీలే” అన్నాను.

మధ్యాహ్నం మెయిన్ ఆపేశారు. సెల్లారు చీకటైపోయింది. నేను ముందు, వాళ్ళు నా వెనక, మెట్లెక్కి హాలు తలుపు తోశాం. చల్లగాలి మొహానికి తగిలింది. ఆఫీసర్లు, భార్యలు, పిల్లలు, కుర్చీలు. దిల్షాద్‌బీ వాళ్ళు గుమ్మంలోనే తటపటాయించారు. “రాండమ్మా, కూచోండి” అని నేనే కుర్చీలు లాగి వేశాను.

విశ్వేశ్వరయ్యగారు పరుగున వచ్చాడు. కోపంలో ఆయన ఆఫీసు తెలుగు పోయి ప్రొద్దుటూరు బయటపడింది.

“ఏందిది అంకాలమ్మా? ఈళ్ళనెందుకు తోలకొచ్చినావు? నీకేమన్నా మతుండాదా?”

“కరెంటు పోతే మనుషులు ఈడికి రావాలని మీరే చదివినారు గద సార్. మనుషులొచ్చినారు.”

“రేపే నిన్ను ఎనక్కి పంపిస్తారు, తెలుసునా?”

“తెలుసు సార్.”

హాలంతా మా వైపే చూస్తోంది. పిల్లలు ఆకలని గోల మొదలుపెట్టారు. ఆయన చుట్టూ చూసి, నా దగ్గరకు వంగి, గొంతు తగ్గించి, నిజంగానే దిక్కుతోచనివాడిలా అడిగాడు: “మరి వంటెవురు చేస్తారమ్మా?”

దిల్షాద్‌బీ పక్కన ఖాళీ కుర్చీ ఉంటే లాక్కొని కూర్చున్నాను.

“వంట చేసేటోళ్ళ పేరు మీరే రాసుకోండి సార్. నా పేరు మాత్రం ఈడ కూచున్నోళ్ళలో రాయండి.”