కొంగున కట్టిన సూడం

కాలేయం మీద పరిశోధన చేసే డాక్టర్లు తిరువళ్ళూరులో ఉచితంగా చూస్తారంటే, తిరుత్తణి నుంచి మగ్గాలవాళ్ళం కొందరం రైలెక్కాం. డాక్టర్ నివేద నా కడుపు కుడిపక్క మిషను ఆనించింది. కాలేయంలో కొవ్వు చేరి కొంచెం గట్టిపడిందని చెప్పింది.

మా వీధిలో కాలేయం చెడిందంటే ఒకటే అర్థం. తాగినాడని.

తిరుగు రైల్లోనే నా బామ్మర్ది ఆరుముగం మొదలుపెట్టాడు. "ఏం బావా, మగ్గం గుంతలో సీసా దాచినావా? నాకూ ఒక చుక్క పోసుంటే పుణ్యం వచ్చుండు గదా!"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు తోడొచ్చిన నా భార్య పచ్చయమ్మ నవ్వలేదు. వాళ్ళ నాన్న తాగి, పొట్ట ఉబ్బి పోయాడు. తాగనివాడినని వెతికి నాకిచ్చారు ఆమెను.

ఇంటికొచ్చి అడిగింది. "నిజం చెప్పు మామా. యాడ తాగినావు?"

"తాగలేదు."

"మా నాయనా ఇదే మాట చెప్పినాడు."

నేను మగ్గంలోకి దిగాను. ఆ రోజు నుంచి అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. చివరికి ఒకనాడు, "కృత్తిక నాడు కొండమీద గుడికి రా. సూడం ఆర్పి సత్యం చెయ్" అంది. మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టేస్తే మావాళ్ళు ఇక అడగరు. సరేనన్నాను. సూడం కొని కొంగున ముడేసుకుంది.

కృత్తిక రాకముందే నివేద ఫోన్ చేసింది. ఒకే కుండలో తినేవాళ్ళనూ చూడాలట. నా గుట్టు డాక్టరునే అడుగుదామని పచ్చయమ్మ బయలుదేరింది.

మిషను పెట్టి చూస్తే, నాకన్నా ఆమెకే ఎక్కువ గట్టిపడింది.

పచ్చయమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "నేను తాగేదేందమ్మా!"

"తాగనివాళ్ళకూ వస్తుందమ్మా. మా పరిశోధన అట్లాంటివాళ్ళ మీదనే. కూర్చునే పని, మూడు పూటలా తెల్లన్నం, చక్కెర టీలు. అన్నం తగ్గించి, రోజూ నడిస్తే చాలామందికి తగ్గుతుంది."

"ఆ మాట ఈయనకు ముందే చెప్పుంటే ఏమమ్మా?"

"ఆయన అడగలేదే!"

తిరుత్తణిలో దిగాక పచ్చయమ్మ ఆటో పిలవనివ్వలేదు. నడిచే కొండెక్కాం. మెట్ల మీద ఆగి ఆగి ఆయాసపడింది. పైన సూడం ముడి విప్పి వెలిగించింది. నేను అరచెయ్యి చాపాను.

నా చెయ్యి పక్కకు తోసింది. "సాల్లే మామా. కాలితే రేపు నేసేదెట్ట?"

సూడం మండి అయిపోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. దిగేటప్పుడు ఆరుముగానికి ఫోన్ చేసింది.

"రేయ్, మా ఇద్దరికీ ఉండాది. ఈసారి మిషను కాడికి నీ పొట్ట పట్టుకుని రా."