కోటిలింగం తుంటిలోంచి జారినదాన్ని

నేను ఒక ఉక్కు గుండును. తుంటి విరిగినవాళ్ల తొడ ఎముకకు తలగా పెట్టేది నన్నే. కర్మాగారంలో నన్ను సానబట్టి, ఇరవై ఏళ్లకు ఢోకా లేదని రాసి డబ్బాలో పెట్టారు. అది చూసుకుని ఎంత మిడిసిపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు తలెత్తలేను.

నా వంతుకు వచ్చిన మనిషి మంగళగిరి నేతగాడు చిందం కోటిలింగం. ఆయనకు పార్కిన్‌సన్స్ జబ్బు. చేతులు వణుకుతాయి, గడప దగ్గరకు వచ్చేసరికి కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. అలాగే పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు రెండే చెప్పాడు: మాత్ర ఎనిమిదింటికల్లా పడాలి, నేలమీద కూర్చోకూడదు. ఆయన అడిగిందీ ఒక్కటే.

"మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతానా అయ్యా?"

"చూద్దాం" అన్నాడు డాక్టరు. కాదనడానికి నోరు రానప్పుడు మనుషులు ఆ మాటే అంటారు.

మూడో నెలలో ఆయన పోరు పడలేక మగ్గానికి కొత్త పడుగు ఎక్కించారు. దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి పోగు వేసేదాకా ఆ ఇంట్లో నేసేవాడు నోట్లో ఏదీ పెట్టడు. భార్య సౌభాగ్యం మాత్ర పట్టుకుని వెంటపడింది.

"మందుకి తప్పులేదయ్యా, వేసుకో."

"పూజ కానీయే. అరగంటలో ఏం మునిగిపోద్ది?"

అరగంట కాస్తా గంటన్నరైంది. మాత్ర పడక ఒళ్లు కట్టెలా బిగిసింది. ఆ బిగువుతోనే గుంట అంచున కూర్చుని కాలు దించాడు. తొడ మెలిపడి, కండరాలు నన్ను గుంజాయి. నేను జారిపోయాను. తుంటి గూట్లో నిలబడటం తప్ప నాకు వేరే పని లేదు. అదీ చేతకాలేదు.

మళ్లీ కోసి, నాకంటే పెద్ద గుండును పెట్టి, నన్ను కవర్లో వేసి సౌభాగ్యం చేతికిచ్చారు. మంచం పక్కన ఆడబిడ్డ నలుగురిలో అడిగింది.

"మాత్ర వేళకి ఇయ్యలేకపోయావా వదినా?"

సౌభాగ్యం తలొంచుకుంది. కోటిలింగం కళ్లు మూసుకుని వింటూనే ఉన్నాడు. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

ఇప్పుడాయన వాకర్‌తో నడుస్తాడు. పడుగు విప్పి పక్కింటికి ఇచ్చేశారు. గుంట మీద చెక్క వేసి మూసేశారు. ఆ ఇంట్లో ఇప్పుడు ముందు మాత్ర, తర్వాతే దీపం.

నిన్న సౌభాగ్యం నన్ను పారేయబోయింది.

"దిక్కుమాలింది, ఇదే కొంప ముంచింది."

"దాన్నేమనమాకు. మాట విననోణ్ణి నేను. మా చెల్లెలు నిన్నంటంటే ఆ ముక్క చెప్పకుండా పడుకున్నా. సిగ్గేసింది" అన్నాడాయన.

ఆయన వణికే చేత్తో నన్ను తీసుకుని గుంట మీది చెక్కపై పెట్టాడు. ఇక్కడ మాత్రం జారకుండా నిలబడ్డాను. ఏం లాభం.