దుర్గాదేవి గది బండి

గుడివాడలో చమురు బావులు వెతికే సర్వే కంపెనీ ఒకటి క్యాంపు ఎత్తేస్తూ సామానంతా వేలానికి పెట్టింది. వచ్చినవాళ్ళందరూ జనరేటర్ల చుట్టూ, ఇనప పైపుల చుట్టూ మూగారు. దుర్గాదేవి మాత్రం ఒక మూల గడ్డిలో కూరుకుపోయి ఉన్న చక్రాల గది దగ్గర ఆగింది. రేకు గోడలు, ఒక కిటికీ, లోపల ఒకదాని పైన ఒకటిగా బిగించిన పడక బల్లలు, ఒక చివర చిన్న స్నానాల గది. ఎక్కడ పని పడితే అక్కడికి లాక్కెళ్ళి ఇంజనీర్లు అందులో కాపురం ఉండేవారట.

"స్నానాల గదికి లోపల గడియ ఉందాండీ?" అని అడిగింది దుర్గాదేవి.

కంపెనీ గుమాస్తా నవ్వాడు. టైర్ల గురించి అడిగేవాళ్ళని చూశాడు గానీ గడియ గురించి అడిగినవాళ్ళని చూడలేదు. "ఉందమ్మా" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుని బయటికొచ్చి వేలం పాట పాడింది. పోటీకి ఎవరూ రాలేదు.

దుర్గాదేవిది బందరు దగ్గర గిలకలదిండి. మొగుడు సుబ్బారావు బోటు మీద వేటకెళ్తాడు. ఆమె చేపల వ్యాపారం చేస్తుంది. ఐసు పెట్టెలు గుడివాడ మార్కెట్టుకి తీసుకెళ్ళడానికి పికప్ బండి కొన్నప్పుడు మొదట డ్రైవర్లనే పెట్టింది. వాళ్ళు దారిలో టీకొట్టు కనబడితే చాలు దిగిపోయేవారు, వాళ్ళ కబుర్లు అయ్యేలోపు ఐసు కరిగిపోయేది. ఇలా కాదని తనే డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. రెండువేల రెండులో ఆ రోడ్డు మీద బండి నడిపే ఆడమనిషిని చూడ్డానికి జనం సైకిళ్ళు ఆపుకునేవారు. కొన్నాళ్ళకి వాళ్ళకీ అలవాటైపోయింది.

ఏటా ఎండుచేపల రోజుల్లో బందరు నుంచి ఆడవాళ్ళు కొందరు దివిసీమ చివర పాలకాయతిప్ప వెళ్ళి, సముద్రపొడ్డున వారాల తరబడి ఉండి, చేపలు కొని ఉప్పేసి ఎండబెడతారు. పట్టా కిందే వంట, పట్టా కిందే పడక. స్నానం చెయ్యాలంటే తెల్లవారకముందే లేచి, ఒకళ్ళకొకళ్ళు చీరలు అడ్డం పట్టుకోవాలి. పోయిన ఏడు వాళ్ళలో కృపమ్మ అనే ఆమె ఆ చీకట్లో గోతిలో కాలు పెట్టి నెలరోజులు కుంటింది. అప్పుడే దుర్గాదేవి అనుకుంది, గడియ వేసుకునే గది ఒకటి కావాలని.

పికప్ వెనకాల కొక్కెం అతికించడానికి గుడివాడ షెడ్డులో వెల్డింగు చేసే వెంకటాద్రిని పిలిచింది. ఆయన గది చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలు తన్ని చూసి, తీరిగ్గా చెప్పాడు.

"లాగడానికేం అమ్మాయ్, నీ బండి లాగేస్తుంది. ఆపడంలోనే ఉంది సంగతంతా. నువ్వు బ్రేకేస్తే నువ్వాగుతావు, వెనకది ఆగనంటుంది. అందుకని ఎప్పుడూ దూరం నుంచే నిదానించు. సామాను ఏదన్నా పెడితే గదిలో ముందు వైపు పెట్టు, కొక్కెం దగ్గరగా. వెనక బరువు పడిందా, తోక ఆడిస్తుంది. ఆడించిందనుకో, బ్రేకు జోలికి పోకు. కాలు తీసేసి, స్టీరింగు కదలకుండా పట్టుకో. దానంతటదే సర్దుకుంటుంది."

"వెనక్కి తియ్యాలంటే బాబాయ్?"

"ఆ అవసరం రాకుండా చూసుకో" అన్నాడు వెంకటాద్రి.

అత్తగారు అచ్చమ్మ తనూ వస్తానని పట్టుబట్టింది. కోడలు ఇల్లు లాక్కుంటూ వెళ్తుంటే చూడకుండా ఎలా ఉంటుంది! తాంబూలం బుట్ట ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. గుడివాడ నుంచి పామర్రు దాటేవరకు బండి పెళ్ళి ఊరేగింపులా నడిచింది. కూచిపూడి దాటాక రోడ్డు పక్కనే కాలవ వచ్చింది. ఊళ్ళు తగ్గాయి, దుర్గాదేవి కాస్త వేగం పెంచింది.

వెనక నుంచి ఒక లారీ గాలిలా దూసుకుంటూ దాటిపోయింది. ఆ ఊపుకి గది ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి ఊగింది. మూడో ఊపుకి పికప్ వెనక చక్రాలు కూడా దాంతో పాటు జరిగాయి.

"ఓలమ్మో, ఆపవే! కాలవలో పడతాం!" అని అరిచింది అచ్చమ్మ.

దుర్గాదేవి కాలు బ్రేకు మీదికి వెళ్ళబోయింది. బలవంతాన వెనక్కి లాక్కుంది. రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని కళ్ళు రోడ్డు మీదే ఉంచింది. గది ఇంకో రెండు ఊపులు ఊగి, చిన్నగా ఊగి, అలిగి అలిసిన పిల్లలా వెనకాలే నడవడం మొదలుపెట్టింది. వెడల్పు జాగా చూసి బండి ఆపింది.

దిగి గది తలుపు తీసింది. గుమ్మంలోనే ఉప్పు బస్తాలు, ఒకదాని మీద ఒకటి.

"ఇవెక్కడివత్తా?"

అచ్చమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. "నువ్వు టైర్లకి గాలి కొట్టించుకుంటుంటే కొట్టువాళ్ళ చేత ఎక్కించాను. ఎలాగూ ఉప్పు కావాలి కదా. తలుపు వెనక వైపుంది, వాళ్ళు అక్కడే పెట్టారు."

"చెప్పొచ్చుగా."

"చెబితే ఒద్దంటావని."

దుర్గాదేవికి కోపం, నవ్వు కలిసి వచ్చాయి. కొంగు బిగించి బస్తాలు ఒక్కొక్కటీ ముందు గోడ దాకా ఈడ్చింది. అచ్చమ్మ కూడా వచ్చి చెయ్యి వేసింది. ఆ తర్వాత చల్లపల్లి, మోపిదేవి ఎలా దాటిపోయాయో తెలియలేదు. మళ్ళీ లారీలు దాటాయి. గది తలాడించింది గానీ తోకాడించలేదు.

అసలు చిక్కు పులిగడ్డ దగ్గర వచ్చింది. అక్కడ నది మీద వంతెన ఇరుకు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. దుర్గాదేవి ఖాళీగా ఉందనుకుని ఎక్కేసింది. కొంచెం దూరం వెళ్ళేసరికి అవనిగడ్డ వైపు నుంచి వచ్చే బస్సు ముఖాముఖీ నిలబడింది. బస్సు వెనక జీపులు, ఆటోలు, గడ్డి ట్రాక్టరు బారులు తీరాయి. వాళ్ళందరూ వెనక్కి పోవడం అయ్యే పని కాదు. తనే వెనక్కి వెళ్ళాల్సిందే.

రివర్సు వేసింది. గది వెనక భాగం ఎడమ గోడ వైపు జరిగింది. దాన్ని కుడికి తేవాలని స్టీరింగు కుడికి తిప్పింది. అది ఇంకా ఎడమకే పోయింది. ముందుకి తీసుకుని మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ అంతే. బస్సులోంచి తలలు బయటికొచ్చాయి. తెల్ల చొక్కా ప్రయాణికుడొకాయన దిగి వచ్చాడు.

"దిగమ్మా, నేను తీసిపెడతాను. ఇవి ఆడవాళ్ళ వల్ల అయ్యేవి కావు."

"మీరెప్పుడన్నా గదిని వెనక్కి తోలారాండీ?" అంది దుర్గాదేవి.

"గదినైతే లేదు గానీ..." అన్నాడాయన.

"అయితే ఇద్దరికీ కొత్తే. బండి నాది కాబట్టి నేనే నేర్చుకుంటాను."

బస్సు కండక్టరు నతానియేలు కిందికి దూకాడు. "నేను వెనక నిలబడి చెప్తానక్కా. కంగారేం లేదు, బస్సు ఎక్కడికీ పోదు" అన్నాడు.

దుర్గాదేవి ఇంజను ఆపి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. చిన్నప్పుడు నాన్న పడవలో చుక్కాని కర్ర తన చేతికిచ్చేవాడు. కర్ర కుడికి తోస్తే పడవ ఎడమకి తిరిగేది. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత చెయ్యి ఆలోచించడం మానేసింది. ఇదీ అంతే కాబోలు. చెయ్యి ఒకవైపు, గది ఇంకోవైపు. పైగా పడవలాగే దీనికీ తిరగడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి.

ఇంజను వేసింది. గదిని కుడికి తేవాలనుకుని స్టీరింగు ఎడమకి, వేలెడంత తిప్పింది. ఆగింది. గది మెల్లగా కుడికి ఒరిగింది.

"అదీ! రానీ అక్కా, రానీ!" అన్నాడు నతానియేలు.

కొంచెం అటు, కొంచెం ఇటు. ఒకసారి గోడకి గది అంచు రాసుకుని కిర్రుమంది. అచ్చమ్మ తాంబూలం నమలడం ఆపేసింది. దుర్గాదేవి ఆపలేదు, కంగారూ పడలేదు. చివరికి గది చక్రాలు వంతెన దిగి మట్టి తగిలాయి. దారి వదిలి పక్కకి ఒదిగింది. బస్సు దాటుతూ ఆమె కిటికీ పక్కన నిదానించింది. డ్రైవరు చెయ్యి నుదుటి దాకా ఎత్తాడు. తెల్ల చొక్కా ఆయన రెండోవైపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"మీ మావయ్య ఉంటే చూసేవాడు" అంది అచ్చమ్మ. "చూసి నాకు తిట్లు పెట్టేవాడు, ఉప్పుకి" అని నవ్వింది.

పొద్దు వాలకముందే పాలకాయతిప్ప చేరారు. ఇసకలో చక్రాలు దిగబడకుండా తాటిమట్టలు పరిచి, అప్పటికే వచ్చి ఉన్న ఆడవాళ్ళందరూ కలిసి గదిని మెరక మీదికి తోశారు. ఎవరు పడుకోవాలన్న దాని మీద తగవు మొదలైంది. లోపల ఉక్కపోస్తోందని అచ్చమ్మ వచ్చిన కాసేపటికే చాప తీసుకుని బయటికొచ్చేసింది. మిగతావాళ్ళు వంతులు వేసుకున్నారు. స్నానాల గది మీద మాత్రం ఏ వంతూ చెల్లలేదు. ఎవరికి కావాలంటే వాళ్ళు వెళ్ళి గడియ వేసుకున్నారు.

మర్నాడు సూర్యుడు నడినెత్తికి వస్తుండగా కృపమ్మ తలారా స్నానం చేసి, తడి జుట్టు విదిలించుకుంటూ మెట్టు మీద నిలబడింది. చేపలు తిరగేస్తున్నవాళ్ళందరూ పని ఆపి చూశారు.

"ఏంటే అలా చూస్తారు? ఎండలో స్నానం చేసిన మనిషిని చూడలేదా?" అంది కృపమ్మ.

దుర్గాదేవి కొక్కెం విప్పి, గది చక్రాల కింద రాళ్ళు పెట్టి, ఐసు పెట్టెలు ఎక్కించుకుంది. గుడివాడ మార్కెట్టు ఆమె కోసం ఆగదు. వెనక గది లేకపోయేసరికి పికప్ ఇసకలోంచి ఒక్క గంతు వేసి రోడ్డెక్కింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు తప్ప ఏమీ లేదు. ఎందుకో అది వెలితిగా అనిపించింది. కోడూరు వచ్చేదాకా రెండు మూడుసార్లు అద్దం చూసుకుంది. తర్వాత గేరు మార్చి, సాఫీ రోడ్డు మీద పాట అందుకుంది.