పదహారో రోజు చీటీ

పడవ అడుగున చేరిన నీళ్లను ఆదయ్య ఎడమ చేత్తో ప్లాస్టిక్ డబ్బాలోకి తోడి బయటికి పోస్తున్నాడు. కుడి చేయి ఒళ్లోని రేకుపెట్టె మీద ఉంది. వాళ్లు దాటుతున్నది మామూలు రోజుల్లో మోకాలి లోతు వాగు. ఇంద్రావతి నది నిండి వెనక్కి తన్నడంతో నాలుగు రోజులుగా ఏరంత వెడల్పయింది. నురగతో పాటు తునికాకులు, వెదురు ముక్కలు, వేళ్లతో సహా ఒక చిన్న టేకు మొక్క కొట్టుకుపోతున్నాయి.

"జర నడుమకు కూసో అన్నా," అన్నాడు పడవ నడిపే సాంబన్న. "పైన వాన కొడుతుంది. మధ్యాహ్నం దాటితే నేనుండ."

"పదకొండు ఇండ్లే గద. జల్ది వస్త."

ఆదయ్యది బామ్ని ఊరు. ఏభై ఆరేళ్లు. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. ఇరవై మూడేళ్లుగా అతని పని ఒకటే. అడవి ఊళ్లు తిరిగి, జ్వరమున్న వాళ్ల వేలు పొడిచి, నెత్తురు చుక్కను గాజు పలక మీద పూసి, పరీక్షకు పంపాలి. పిల్లలు బెదరకుండా ముందు తన వేలే పొడిచి చూపిస్తాడు. అలా పొడిచీ పొడిచీ ఎడమ ఉంగరపు వేలి కొన చింతగింజలా గట్టిపడింది. వేడి రొట్టె తుంచినా ఆ వేలికి తెలియదు. భార్య గంగక్క అప్పుడప్పుడూ ఆ వేలు పట్టుకుని చూసి వదిలేస్తుంది.

చొక్కా జేబులో, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన చీటీ ఉంది. పదహారు రోజుల కిందట, ఇప్పుడు వెళ్తున్న ఉసికెగూడెంలో తీసిన తొమ్మిది పలకల ఫలితాలవి. వానలకు దారులు తెగి, చీటీ నిన్న సాయంత్రానికి గానీ చేతికి రాలేదు. ఎనిమిది పేర్ల ఎదురుగా అడ్డగీతలు. తొమ్మిదో పేరు భీము. దాని ఎదురుగా ఎర్ర సిరా. మెదడుకెక్కే రకం మలేరియా. అక్కడికక్కడే చూసే కిట్లు అయిపోయి రెండు నెలలు దాటింది. ఆ రోజు భీముకు జ్వరం బిళ్లలిచ్చి, "చీటీ రానీ, అసలు మందు తెస్త" అని చెప్పి వచ్చాడు.

ఆదయ్య వచ్చే రోజున భీము ఒడ్డునే కాచుకుని ఉండేవాడు. పెట్టె తలకెత్తుకుని ముందు నడిచేవాడు. ఆదయ్యకు గోండి అంతంత మాత్రం. ఇంటింటికీ భీమే చెప్పి ఒప్పించేవాడు. పదకొండేళ్ల కిందట ఈ అడవిలోనే ఆదయ్య జ్వరంతో పడిపోతే, రోడ్డు దాకా వీపున మోసుకెళ్లింది కూడా అతనే.

ఇవాళ ఒడ్డున ఎవరూ లేరు. ఆదయ్య పెట్టె తనే ఎత్తుకుని, వెదురు పొదల నడుమ బురదదారిలో వీలైనంత వేగంగా నడిచాడు.

భీము అరుగు మీద మంచంలో ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. తెల్లగుడ్డు పసుపు పచ్చగా మారింది. భార్య సోనుబాయి కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

"వచ్చినవా దాదా," అంది. "నడుమ తగ్గింది. నాట్లకు గూడ పోయిండు. మొన్న మళ్లొచ్చింది. పొద్దటి సంది నన్ను గుర్తువడ్తలేడు."

ఆదయ్య మాత్రలు నలిపి నీళ్లలో కలిపి చెంచాతో పోశాడు. పెదవి చివర నుంచి కారిపోయాయి. మళ్లీ పోశాడు. పళ్లు బిగుసుకుని ఉన్నాయి.

"సూది లేదా?" అంది సోనుబాయి.

"నా దగ్గర పొడిచే సూదే ఉంది చెల్లె. మందు సూది దవాఖానల ఉంటది."

మంచాన్ని తాళ్లతో పొడుగాటి వెదురుబొంగుకు వేలాడగట్టి ఊరివాళ్లు నలుగురు ఎత్తుకున్నారు. ఆదయ్యా కాసేపు భుజం పట్టాడు. బురదలో రెండుసార్లు జారాక, వాళ్లే నెమ్మదిగా అతన్ని పక్కకు తప్పించారు.

వాగు దగ్గరికొచ్చేసరికి సాంబన్న పడవను పొద్దుటి చెట్టుకు కాక ఇంకా పై చెట్టుకు కట్టేసి ఉంచాడు. పొద్దుటి ఒడ్డు కనిపించడం లేదు.

"మంచం పెడితే పడవ ఆగది అన్నా. కూసోబెడుదామంటే మనిషి కూసునేటట్టు లేడు."

"ఒక్కసారి చూద్దాం సాంబన్న."

సాంబన్న గెడకర్ర తీసుకుని ఒడ్డునే నీళ్లలోకి దించాడు. అది పూర్తిగా మునిగినా అడుగు తగలలేదు. చేతిలో గెడ ప్రవాహానికి వంగింది.

ఆదయ్య ఫోన్ తీశాడు. అక్కడ టవర్ ఉండదని ఇరవై సార్లు చూసినవాడే. అయినా బండరాయి ఎక్కి చేయి పైకెత్తి నిలబడ్డాడు. కాసేపటికి దిగొచ్చాడు. నీళ్ల అంచున ఒక పుల్ల గుచ్చాడు. చూస్తుండగానే అది మునిగింది. ఇంకాస్త పైన ఇంకొకటి గుచ్చాడు. అదీ మునిగింది. మూడో పుల్ల విరిచాడు కానీ గుచ్చలేదు. వచ్చి మంచం పక్కన కూర్చుని, పదహారు రోజుల కిందట తను పొడిచిన భీము వేలిని పట్టుకున్నాడు. కాలుతోంది.

సోనుబాయి చంకకు వేలాడేసుకున్న నీళ్ల సొరబుర్ర దించి, మూతికి కుక్కిన ఆకు తీసి, భర్త పెదవులు తడిపింది. రెండోసారి తడిపినప్పుడు గొంతు కదిలింది. మూడోసారి కదలలేదు. ఆమె కాసేపు చూసి, బుర్రకు ఆకు పెట్టి పక్కన దించింది. ఆదయ్య చేతిలో వేలు ఇంకా వేడిగానే ఉంది. అందుకే అతనికి వెంటనే తెలియలేదు.

ఎవరూ గట్టిగా ఏడవలేదు. నలుగురూ మళ్లీ బొంగు కింద భుజాలు పెట్టారు. సోనుబాయి లేచి కొంగు దులుపుకుంది.

"ఆ చీటీల ఏముండె దాదా?"

ఆదయ్య జేబు తడుముకున్నాడు. తీయలేదు.

"జ్వరమని ఉండె."

"అది మాకెరుకే గద," అని ఆమె మంచం వెనక నడిచింది.

అతనూ లేచి నాలుగడుగులు వేశాడు. తర్వాత ఆగిపోయాడు. వెదురు పొదల్లో మంచం కనుమరుగైంది. సాంబన్న పడవ తాడును ఇంకా పైనున్న మరో చెట్టుకు మార్చుకుంటున్నాడు. మంచం దించిన చోట గడ్డి నలిగి ఉంది. దాని పక్కన, రాతికి ఆనుకుని, సగం నీళ్లతో సొరబుర్ర.