ముల్లు ఆగేదాకా

బస్తా కాటా మీద ధబ్బున పడింది. ముల్లు ఎగిరి అరవై దాటింది, వాలి నలభైకి దిగింది, మళ్లీ లేచింది.

"బాబాయ్, యాభై రాసెయ్. మా నడుములు చూడు!" అన్నాడు హమాలీల మేస్త్రి.

"ముల్లు ఆగనీరా. ఊగే ముల్లూ, తాగినోడి మాటా ఒకటే."

ఆగింది. నలభై తొమ్మిదిన్నర. కాటా దగ్గరి పెద్దాయన చెవి మీది సుద్దముక్క తీసి బస్తా మీద అంకె వేశాడు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. గోడౌనులో అందరికీ ముల్లు బాబాయే. అసలు పేరు అడిగితే అతను కూడా ఒక్క క్షణం తడుముకునేవాడు.

ఆ రోజు సుద్దముక్క వేళ్లలో నిలవడం లేదు. మూడు రోజులుగా జ్వరం. కళ్లు ఎర్రబడ్డాయి, పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోతోంది. కిందటి వారం వానకు గోడౌనులోకి నీళ్లొస్తే, పగిలిన మడమలతో ఆ నీళ్లలోనే నిలబడి తడిసిన బస్తాలు తూచాడు. ఎలుకలకు ఆ గోడౌను పుట్టిల్లు.

పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ఎలుకల జ్వరం, వాటి మూత్రం కలిసిన నీళ్లతో వస్తుంది అన్నాడు. తొందరగానే వచ్చావు, తగ్గిపోతుంది, అన్ని మాత్రలూ వాడు అన్నాడు. నర్సు మొదటి మాత్ర తన ఎదుటే మింగించింది.

"మీతో ఎవరొచ్చారు?"

"బయట ఉన్నారమ్మా."

ఎవరూ లేరు. భార్య పోయి పదకొండేళ్లయింది. ఆమెతోనే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆగిపోయారు. అయినా వరుసలో ఉన్న అంతమంది ముందు ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

"లోపలికి పంపండి. ఈ మందు వేసుకున్నాక ఏమవుతుందో వాళ్లకు చెప్పాలి. జ్వరంలో మీకు గుర్తుండదు."

అలాగేనని బయటికొచ్చాడు. బెంచీల మీద ఎవరెవరి వాళ్లో కూర్చుని ఉన్నారు. వాళ్లను ఒకసారి చూసి, గేటు దాటి, పక్క వీధిలోని గోడౌనుకు నడిచాడు.

మధ్యాహ్నానికి చలి మొదలైంది. మూడు రోజుల చలీ దీని ముందు దిగదుడుపే. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. నిలదొక్కుకోవడానికి కాటా పలక మీద చెయ్యి ఆనిస్తే ముల్లు కూడా వణికింది.

"ఇంటికి పద బాబాయ్. నేనొచ్చి కాసేపు కూర్చుంటా" అన్నాడు మేస్త్రి.

"ఎందుకూ? నేనేమన్నా బస్తానా, ఇద్దరు పట్టడానికి?"

"బస్తాయే నయం. ఎత్తితే ఊరుకుంటుంది."

"పొద్దుటి మాత్ర పడలేదురా. అది వేసుకున్నాకే ఇంత వచ్చింది."

"అయితే వెళ్లి అడుగు."

"అడుగుతాలే."

అడగాలంటే ఆ నర్సు ఎదుటికే వెళ్లాలి. బయట ఉన్నవాళ్లు ఏరని అడుగుతుంది. ఒక్కడే గదికి వెళ్లి, గోడకు తిరిగి పడుకున్నాడు. గదిలో ఒక చాప, ఒక కంచం, బోర్లించిన రెండు గ్లాసులు. అందులో ఒకటి పదకొండేళ్లుగా బోర్లించే ఉంది. అతను ఎవరికీ బరువు కాలేదు. ఎవరి బరువూ మొయ్యాల్సిన పని కూడా పెట్టుకోలేదు. బతుకులో తనకు మిగిలిన లాభం అదేననుకున్నాడు.

పొద్దువాలే వేళకు చొక్కా తడిసేలా చెమట పట్టింది. జ్వరం దిగింది. తల తేలికైంది. రెండో మాత్ర వేళయితే మాత్రల పట్టీ చేతిలోకి తీసుకుని లెక్క చూశాడు. వేసుకుంటే పెరిగింది. మళ్లీ వేసుకోకముందే తగ్గింది. ఇంతకంటే సూటి లెక్క ఏముంటుంది?

ఊగుతున్న ముల్లును చూసి బరువు చెప్పడం అతను జన్మలో చెయ్యని పని. ఆ సాయంత్రం చేశాడు. పట్టీని జేబులో పెట్టేసుకున్నాడు.

రెండు రోజులు బాగానే తూచాడు. మూడో రోజు జ్వరం తిరగబెట్టింది. మాత్రల జోలికి పోలేదు. ఆ తర్వాత పనికి రాకపోతే మేస్త్రి వెళ్లి తలుపు తోశాడు. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి, మూత్రం ఆగిపోయింది. ఇద్దరు పట్టి ఎత్తారు. ఈసారి ఊరుకున్నాడు.

మర్నాడు ఉదయం, గోడౌను తలుపులు తీసే వేళకు ఆసుపత్రిలో పోయాడు.

నర్సు అతని చొక్కా మేస్త్రి చేతికి ఇవ్వబోతూ జేబులోని పట్టీ చూసింది. "ఒక్కటే వాడారా?"

"పడలేదన్నాడమ్మా. వేసుకోగానే చలి ఎక్కువైందట."

ఆమె పట్టీని తిప్పి చూసింది. "ఎక్కువవుతుంది. మందు పనిచేస్తుంటే మొదటి పూట కొందరికి జ్వరం అలా ఎగిసిపడుతుంది, ఒక్క రోజులో దానంతటదే దిగుతుంది. ఆ ముక్క చెబుదామనే ఆయన వాళ్లను పంపమన్నాను. ఎవరూ రాలేదు. ఆయనకే చెప్పేయాల్సింది నేను."

"బయటే ఉన్నామమ్మా" అన్నాడు మేస్త్రి. "పక్క వీధిలో."

సాయంత్రం గోడౌనులో దించిన బస్తాలు దించినట్టే ఉన్నాయి. కాటా దగ్గర ఎవరూ లేరు. మేస్త్రి అతని చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, కాటా అంచున పెట్టాడు. పట్టీని ఏం చెయ్యాలో తోచక కాటా పలక మీద పెట్టి, బాబాయిలా ముల్లు ఆగేదాకా చూద్దామని నిలబడ్డాడు.

తొమ్మిది మాత్రల పట్టీకి ముల్లు కదలనే లేదు.