గళ్ళకోటు బొత్తాలు

పెద్దకోడలు తెల్లచొక్కాలకు బొత్తాలు కుడుతోంది. హోటల్లో వడ్డించేవాళ్ళ చొక్కాలవి. సోమవారం సాయంత్రానికల్లా అప్పజెప్పాలి. లోకమంతా ముందు కాజాలు తీసుకుని, ఆ తర్వాత బొత్తాలు కుడుతుంది. ఈవిడది తిరగేసిన పద్ధతి. ముందు బొత్తాలన్నీ కుట్టేసి, వాటికి ఎదురుగా గుర్తులు పెట్టుకుని అప్పుడు కాజాలకు దిగుతుంది. పని నేర్పిన మేనత్త దగ్గర అబ్బిన అలవాటు.

అదే గదిలో కిటికీ పక్కన పడక్కుర్చీలో అత్తగారు. ఆవిడకు ఆనుకుని స్టూలు మీద చిన్నకోడలు, చేతిలో ఫోను.

"చదువు చిన్నమ్మాయ్, ఏమంటున్నారు జనం?"

జనం మాట్లాడుకునేది హంతకుడి గురించి. నెల రోజులుగా ఆ ఇంట్లో హంతకుడి మాట తప్ప వేరే మాట లేదు. ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చే సిరీస్ అది. ఒక రేవు పట్నంలో వరసగా ఆడవాళ్ళు చనిపోతుంటారు. పోలీసు అధికారులు మారతారు, ముసలివాళ్ళవుతారు, హంతకుడు మాత్రం దొరకడు. తెరమీద ఎప్పుడూ ముసురే. ప్రతి భాగం కింద చూసినవాళ్ళు తమ అభిప్రాయాలు రాస్తారు. చిన్నకోడలు కూడా 'గుడ్డిదీపం' అనే పేరుతో రాస్తుంది. ఆ గుడ్డిదీపం ఏం రాసినా కింద మెచ్చుకోళ్ళు బారులు తీరతాయి.

"ఒకాయన అంటాడూ, ఇంత చీకటిగా తీశారేంటి, కరెంటు బిల్లు కట్టలేదా అని."

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇంకొకావిడ, మా ఆయన్ని చూస్తే అనుమానంగా ఉంది, నిద్రలో కూడా నిజం చెప్పడు అని రాసింది."

"మరి నువ్వేం రాశావే?"

"డాక్టరు మీద అందరికీ అనుమానం వచ్చేలా కావాలనే తీస్తున్నారని రాశాను అత్తయ్యా. తలుపు చప్పుడైన ప్రతిసారీ ఆయన్నే చూపిస్తారు. నిజంగా చంపినవాణ్ణి అంతగా చూపించరు."

"చూశావా పెద్దమ్మాయ్, దీని బుర్ర!"

పెద్దకోడలు దారం పళ్ళతో కొరికి, "ఊఁ" అంది.

ఆ స్టూలు ఒకప్పుడు ఆవిడది. అత్తగారి మోకాళ్ళకు నూనె రాసినా, ఊరి సంగతులు చెప్పి నవ్వించినా దానిమీద కూర్చునే. చిన్నకోడలు కాపురానికి వచ్చినప్పుడు గిన్నె దించడానికి కూడా గుడ్డ వెతుక్కునే పిల్ల. పోనీలే, నేర్చుకుంటుందని తానే వెనకేసుకొచ్చింది. ఏకై వచ్చి మేకైందన్నట్టు, ఇప్పుడు స్టూలూ దానిదే, అత్తగారి నవ్వూ దానిదే. పాలవాడు కూడా గుమ్మంలో నిలబడి, "చిన్నమ్మగారూ, ఈ వారం ఎవరిమీద పెట్టారు నేరం?" అని అడిగి వెళుతున్నాడు.

"నువ్వూ ఏదైనా చెప్పవే పెద్దమ్మాయ్. నువ్వూ చూస్తున్నావుగా," అంది అత్తగారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "దానికి బొత్తాలు తప్ప ఇంకేం కనబడతాయిలే," అని తనే జవాబు కూడా చెప్పుకుంది. ముద్దుగానే అంది. కానీ సూది మాత్రం పెద్దకోడలి వేలిలో దిగింది.

మర్నాడు ఉదయం ముందుగదిలో ఎవరూ లేని సమయం చూసి పెద్దకోడలు టీవీ పెట్టుకుంది. పాత భాగాలన్నీ మళ్ళీ చూసింది. రెండో భాగంలో హంతకుడు కనిపించేది ఒక్కసారే. మొహం నీడలో ఉంటుంది, ఒంటిమీద గళ్ళకోటు మాత్రం వెలుగులో పడుతుంది. ఆవిడ బొమ్మను ఆపి, టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళింది.

మగవాళ్ళ కోటుకు బొత్తాలు తొడుక్కున్నవాళ్ళ కుడిపక్కన ఉంటాయి. ఆడవాళ్ళ కోటుకు ఎడమపక్కన. ఈ కోటుకు ఎడమపక్కన ఉన్నాయి.

హంతకుడు కాదు, హంతకురాలు!

వెంటనే చిన్నకోడల్ని 'చెల్లీ' అని పిలిచి చెప్పాలనిపించింది, అంత పాత అలవాటు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. చెబితే గుడ్డిదీపం ఖాతాలోకి పోతుంది. టీ తాగుతున్న మొగుణ్ణి పట్టుకుని, తను చెబుతుంటే ఆయన ఫోనులో రాయించింది.

"పేరేం పెట్టమంటావు?"

"సూది అని పెట్టండి."

"ఎవర్ని గుచ్చడానికే తల్లీ?" అన్నాడాయన ఆవలిస్తూ.

ఆ ఉత్సాహంలోనే మిగిలిన చొక్కాలన్నింటికీ బొత్తాలు కుట్టేసింది. చేతులు చొక్కాల మీద, మనసు కోటు మీద.

మధ్యాహ్నం చిన్నకోడలు ఫోను చదువుతూ నిటారుగా కూర్చుంది. "అత్తయ్యా, ఎవరో సూది అట. కోటు బొత్తాలు చూసి హంతకుడు ఆడమనిషని రాశారు. జనం విరగబడి మెచ్చుకుంటున్నారు."

"అబ్బో! నీ దీపాన్ని ఊదేసేవాళ్ళు పుట్టారన్నమాట."

"అది నేనే," అంది పెద్దకోడలు, కుట్టుమిషన్ మీదనుంచి తల ఎత్తకుండా.

అత్తగారు పడక్కుర్చీలో ముందుకు వంగింది. "నువ్వా? రావే, ఇలా వచ్చి కూర్చో. మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."

చిన్నకోడలు స్టూలు మీదనుంచి లేచింది. లేచి ఫోనులో ఆ దృశ్యాన్ని పెట్టుకుని చూసింది. ఒకసారి చూసి, వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. "అక్కా..." అంది.

"ఏంటి?"

పెద్దకోడలు అప్పటికే స్టూలు మీద ఉంది. మొహం వెలిగిపోతోంది. చిన్నకోడలు ఆ మొహం చూసి, "ఏం లేదక్కా. బాగా కనిపెట్టారు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

'ఓర్వలేక,' అనుకుంది పెద్దకోడలు. ఇన్నాళ్ళ మంట మీద చల్లటి నీళ్ళు పోసినట్టుంది.

ఆ సాయంత్రమే చివరి భాగం. పాలవాడు కూడా గుమ్మంలో తిష్ఠ వేశాడు. గళ్ళకోటు దృశ్యం మళ్ళీ వచ్చింది. ఈసారి కెమెరా మెల్లగా వెనక్కి జరిగింది. కోటు చుట్టూ చెక్క చట్రం కనబడింది. క్షవరం కొట్టులో అద్దం. ఇన్నాళ్ళూ చూపించింది మనిషిని కాదు, అద్దంలో బొమ్మని. బొత్తాలు కుడిపక్కనే ఉన్నాయి. కోటు వేసుకున్నవాడు తలుపు తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. ఎవరన్నది ఎప్పటికీ తేలలేదని చెప్పి సిరీస్ ముగించారు.

పాలవాడు గొంతు సవరించుకుని, "పొద్దున్నే రావాలి," అంటూ జారుకున్నాడు.

అభిప్రాయాల దగ్గర మాత్రం ఎవరూ జారుకోలేదు. 'సూదిగారూ, ఆ గదిలో గడియారం ముల్లు కూడా వెనక్కి తిరుగుతోంది. అది కూడా ఆడదేనా?' అని ఒకడు. 'దారం ఎక్కించుకుని రండి' అని మరొకడు. మొగుడు చదివి వినిపిస్తూ ఉండబట్టలేక నవ్వాడు. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుంది గాని, భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"ఇదుగో, గుడ్డిదీపం నీ తరఫున రాసింది," అన్నాడు మొగుడు. "'నవ్వేవాళ్ళలో ఎంతమంది కోటు బొత్తాలు చూశారు? తప్పయినా చూసింది ఆవిడ ఒక్కతే' అని."

ఎగతాళి కంటే ఆ జాలి ఎక్కువ కాల్చింది. పెద్దకోడలు వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్ళింది.

"గడియారం నువ్వు ముందే చూశావు కదూ?"

చిన్నకోడలు గిన్నె తోముతూ ఆగింది. "చూశానక్కా."

"నేను నవ్వులపాలవ్వాలని ఊరుకున్నావు."

"మీరు ఎన్నాళ్ళ తర్వాతో ఆ స్టూలు మీద కూర్చున్నారు. ఎలా లేపను?"

ఆ మాటతో పెద్దకోడలి కోపం ఇంకా పెరిగింది.

సోమవారం తలనొప్పి అని పెద్దకోడలు మంచం దిగలేదు. మధ్యాహ్నం దాటాక లేచి, కాజాలు తీద్దామని ముందుగదిలోకి వచ్చింది. చిన్నకోడలు నేలమీద కూర్చుని ఉంది, చుట్టూ తెంపిన దారం ముక్కలు, చేతిలో బ్లేడు. ఒక పక్కన చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి.

"నిన్న కుట్టినవాటికి బొత్తాలు ఎడమపక్కన పడ్డాయక్కా," అంది మెల్లగా. "అత్తయ్య చూడకముందే మార్చేశాను. కాజాలు కూడా తీశాను. మీ అంత నున్నగా రాలేదు."

పెద్దకోడలు పై చొక్కా తీసుకుంది. బొత్తాలన్నీ కుడిపక్కన, ఒకే వరసలో ఉన్నాయి. 'చెల్లీ' అనే పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వేళ్ళు వాటి పని అవి చేశాయి. పై బొత్తాన్ని పట్టుకుని గట్టిగా లాగింది. ఊడలేదు. దాని కింది దాన్ని లాగింది. ఇంకో చొక్కా తీసి, దాని బొత్తాలూ లాగింది. ఒక్కటి ఊడితే చాలు, ఒకే ఒక్కటి. దారాలు బిగిసే ఉన్నాయి.

తల ఎత్తేసరికి చిన్నకోడలు తననే చూస్తోంది. మొహంలో కోపం లేదు. నెల రోజులుగా తెరమీద అనుమానితుల్ని చూసినట్టే, తీరిగ్గా, కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. ఈసారి మాత్రం ఎవరన్నది తేలిపోయింది.

"చిన్నమ్మాయ్," పెరట్లోనుంచి అత్తగారి కేక. "కొత్త సిరీస్ ఏదో వచ్చిందట, రా చూద్దాం."

చిన్నకోడలు అక్క చేతిలోని చొక్కాను మెల్లగా తీసుకుని మడతపెట్టింది. చొక్కాల మూటలో అన్నిటికన్నా పైన పెట్టి ముడివేసింది. స్టూలును కాలితో జరిపి, పడక్కుర్చీకి ఆనించింది. మూట చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దిగి హోటలు వైపు వెళ్ళిపోయింది.